పావు దగ్గర కాపురం పెట్టిన డీజిల్ ముల్లు గారికి

మహారాజశ్రీ డీజిల్ మీటరు ముల్లు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి. మీరు గాజు వెనక పావు గీత మీద ఎప్పటిలాగే సుఖంగా కూర్చున్నారని నాకు తెలుసు. నేను మాత్రం నిన్న మధ్యాహ్నమంతా రోడ్డు పక్కన, లారీ నీడ ఎటు జరిగితే అటు జరుగుతూ కూర్చున్నాను.

తమరు పావు ఉందన్నారు కాబట్టే బంకు కళ్ళెదుట కనిపించినా ఆగలేదు. తర్వాత కొట్టిద్దాంలే అనుకున్నాను. ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ రెండుసార్లు దగ్గి, ఒకసారి ఒళ్ళంతా ఊపి, ఆగిపోయింది. అప్పుడూ మీరు పావే. దిగి, ట్యాంకు మూత తీసి పుల్ల ముంచితే దాని కొస తడిసిందంతే. మళ్ళీ ఎక్కి చూశాను, పావు. గాజు మీద వేలితో కొట్టాను. కాస్త వణికి, బట్టలు సర్దుకున్నట్టు సర్దుకుని, పావు.

పెట్రోలు బండి అయితే డబ్బాతో తెచ్చి పోసి తాళం తిప్పితే చాలాసార్లు సరిపోతుంది. ఈ పాత డీజిల్ బండి ఒక్కసారి ఎండిపోతే లైన్లోకి గాలి దూరుతుంది, అది తీసేదాకా ఎంత సెల్ఫ్ కొట్టినా బ్యాటరీ దిగడమే తప్ప లాభం లేదు. ఫిల్టరు దగ్గర స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడుతూ పోయాను, ముందు నురుగు, తర్వాత బుడగలు, ఇక అయిపోయిందనుకుంటే మళ్ళీ నురుగు. బుడగ లేకుండా డీజిల్ వచ్చేసరికి బొటనవేలు వాచింది. మూడుసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా ఈ ఉత్తరానికి కూడా అదే వాసన.

మీ పక్కింటి వార్నింగ్ లైటు గారిని నేనేమీ అనను, బల్బు మాడిపోయి పడుంది, ఉద్యోగం చేస్తున్నట్టు నటించదు. కిలోమీటర్ల మీటరు కూడా ఎప్పుడో తిరగడం మానేసింది, లేకపోతే దాని లెక్కనే నమ్ముకునేవాణ్ణి. మీరు కూడా చచ్చి సున్నా మీద పడుంటే ఓ దండం పెట్టి రోజూ పుల్లతోనే బతికేవాణ్ణి. కానీ పావు! సున్నా అంటే భయపడతాం, సగం అంటే ధైర్యంగా పోతాం. పావు అంటే ఏమిటి? 'ఇంకో బంకు దాకా లాగొచ్చులే' అని చెవిలో ఊదడం. ఇలా ఊది నన్ను రోడ్డున పడేయడం ఇది మూడోసారి. ఇక గారూ గీరూ వద్దు. నువ్వు చేసింది నమ్మకద్రోహం.

మొదటిసారి ఆగినప్పుడు నిన్ను కాదు, పాపం ట్యాంకులో డీజిల్ మీద తేలే ఫ్లోటును అనుమానించాను. ఆ ఫ్లోటు ఎత్తును బట్టి నీకు కబురు పంపే సెండర్ యూనిట్ పైకి తీసి, ఫ్లోటును చెవి దగ్గర పెట్టుకుని ఊపాను. చిల్లు పడి లోపలికి డీజిల్ చేరితే మునిగిపోతుందంటారు కదా, చప్పుడేమీ లేదు. అయినా మెకానిక్ మాట విని మొత్తం యూనిట్టే కొత్తది వేయించాను. డబ్బు పోయింది, పావు పోలేదు.

ఇవాళ పొద్దున నేనే మల్టీమీటరు పట్టుకుని కూర్చున్నాను. సెండర్ వైరు ఊడదీసి, తాళం ఆన్ చేసి, వైరు కొస ఛాసిస్‌కు తాకిస్తే బుద్ధిగా సున్నాకు దిగావు, వదిలేస్తే ఫుల్ దాటి పోయావు. అంటే నీకు రోగం లేదు, నీ వైరుకూ లేదు. మన సెండర్ ట్యాంకు ఖాళీగా ఉంటే 10 ఓముల నిరోధం, నిండితే 180 చూపే రకం, ఓములు పెరిగేకొద్దీ నువ్వు పైకి లేస్తావు. ట్యాంకేమో రబ్బరు పట్టీల మీద కూర్చుంది, దానికి ఎర్తు అంటే ఛాసిస్‌కు బోల్టు వేసిన ఒకే ఒక్క వైరు. సెండర్ అంచుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య కొలిస్తే దాదాపు సున్నా రావాల్సిన చోట 40కి పైనే వచ్చింది. బోల్టు తిప్పితే తుప్పు పొలుసులుగా రాలింది. ట్యాంకు ఖాళీ అయినా ఆ తుప్పు తన 40 కలిపి పంపేది, అది నీకు పావులా కనిపించేది. నిండుగా కొట్టించిన రోజు నువ్వు ఎంతసేపటికీ ఫుల్ మీంచి దిగకపోతే, బండి మైలేజీ పెరిగిందని మురిసిపోయిన వెర్రివాణ్ణి నేనే.

అంటే నువ్వు అబద్ధం ఆడలేదు, చెప్పుడు మాటలు విన్నావు. అంతమాత్రాన క్షమాపణ అడుగుతాననుకోకు, నా బొటనవేలు ఇంకా వాచే ఉంది. ఎమెరీ పేపరుతో ఇనుము మెరిసేదాకా రుద్ది, కొత్త ఎర్తు వైరు బిగించి, గ్రీజు పూసి, తాళం తిప్పాను. నిన్న డబ్బాతో తెచ్చి పోసిందంతా బంకు దాకా రావడానికే ఖర్చయింది, అక్కడ కాస్త కొట్టించాను. నువ్వు మెల్లగా లేచి పావు దగ్గర ఆగావు.

పుల్ల పెట్టి చూశాను. పావే.