షెడ్డు కట్టాక చేతిలో ఏం మిగిలింది?

తెలుగు సంఘం సమావేశాల్లో భోజనాల దగ్గర నన్ను చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "మా ఊళ్ళో చిన్న పరిశ్రమ ఏదైనా పెడదామనుకుంటున్నామండీ, ఎంతవుతుంది?" ఎంతవుతుంది అన్నప్పుడు వారి మనసులో ఉండేది స్థలం, షెడ్డు, యంత్రాలు, కరెంటు కనెక్షన్. శ్రీకాకుళం జిల్లా పలాసలో ఏడేళ్ళు జీడిపప్పు యూనిట్ నడిపి, అందులో మొదటి నాలుగేళ్ళు చేయదగిన తప్పులన్నీ చేసినవాడిగా చెబుతున్నాను: అది అసలు లెక్కలో సగం కూడా కాదు. విదేశాల నుంచి వెళ్ళి ఊళ్ళో వ్యాపారం పెట్టే మనం పనివాళ్ళ మీదా, అధికారుల మీదా ఎన్ని ఫిర్యాదులైనా చెప్పుకుంటాం గానీ, నా అనుభవంలో దెబ్బ తగిలేది కట్టడానికి డబ్బంతా పోసి, సరుకు కొనే వేళకు ఖాళీ చేతులతో నిలబడటం వల్లనే.

2014 చివర్లో ఉద్యోగం మాని పలాస చేరినప్పుడు నా దగ్గర 55 లక్షలు ఉన్నాయి. కాశీబుగ్గ పక్కన మా తాతగారి స్థలంలోనే షెడ్డు వేశాను కాబట్టి స్థలం ఖర్చు తప్పింది. అయినా రేకులు, గచ్చు, బాయిలర్, కోత యంత్రాలు, పప్పు ఆరబెట్టే బోర్మా, ట్రాన్స్‌ఫార్మర్ అన్నీ కలిసి 40 లక్షలు తినేశాయి. బంధువులందరినీ పిలిచి ప్రారంభోత్సవం చేశాం. గుమ్మంలో వేసిన ముగ్గు ఇంకా చెరగకముందే మా మేనమామ గోడౌనులోకి తొంగిచూసి, ఆ ఖాళీ నేలను ఈ మూల నుంచి ఆ మూలకు పరికించి, "పిక్కలేవిరా?" అన్నారు. వేళాకోళమాడుతున్నారనుకున్నాను.

పలాస చుట్టూ ఉన్న ఉద్దానం ప్రాంతంలో జీడిపిక్కలు, అంటే పెంకుతో ఉన్న జీడిగింజలు, దిగేది మార్చి నుంచి మే దాకా మాత్రమే. వజ్రపుకొత్తూరు, మందస వైపు రైతులు తెచ్చే పిక్కలను ఆ మూడు నెలల్లో కొని, ఎండబెట్టి, గోనె సంచుల్లో దాచుకున్నవాడే ఏడాది పొడవునా యూనిట్ ఆడించగలడు. రోజుకు నాలుగు బస్తాలు ఆడే చిన్న యూనిట్‌కు 250 పనిదినాలకు వెయ్యి బస్తాలు కావాలి. 80 కిలోల బస్తా పది వేలనుకుంటే అది కోటి రూపాయలు. నా చేతిలో మిగిలినవి 15 లక్షలు, కూలీ కరెంటూ కూడా అందులోంచే. 120 బస్తాలు కొన్నాను. అవి నెల రోజుల్లో అయిపోయాయి.

ఆ తర్వాత స్టాకు పెట్టుకున్న వ్యాపారుల దగ్గర ఒకసారి పది, ఒకసారి ఇరవై బస్తాల చొప్పున కొనుక్కోవలసి వచ్చింది. ధర ఎక్కువ పెట్టడం పైకి కనిపించే నష్టం. కనిపించనిది దిగుబడిలో ఉంది. బాగా ఎండిన కొత్త పిక్క బస్తాకు దాదాపు 22 కిలోల పప్పు ఇస్తుంది, ఈ వ్యాపారంలో దాన్ని ఇప్పటికీ 48 పౌండ్లనే లెక్క చెబుతారు. సరిగ్గా ఎండని పిక్కకూ, నిల్వలో చెమ్మ ఎక్కిన పిక్కకూ 18 కిలోలు రావడమే గొప్ప. కిలో పప్పు 600 రూపాయలనుకున్నా బస్తాకు 2,400 తేడా. పని తెలిసిన మనిషి సంచుల అడుగు నుంచీ మధ్య నుంచీ కిలో పిక్కలు తీయించి, అక్కడికక్కడే కోయించి, మంచి పప్పు, ముడత పప్పు, పుచ్చు వేరుచేసి తూచాకే బేరానికి దిగుతాడు. నేను పైనున్న నాలుగు పిక్కలు అరచేతిలో వేసుకుని, బరువుగానే ఉన్నాయని సంతోషపడి డబ్బిచ్చేవాణ్ణి. కోయించి చూడాలని తెలియక కాదు. బాగాలేదని తేలితే మర్నాడు బాయిలర్‌లో వేయడానికి నా దగ్గర వేరే పిక్క లేదు. డబ్బు చాలనివాడు సరుకును పరీక్షించడానికి కూడా భయపడతాడని అప్పుడే అర్థమైంది.

ఆ తొందరే లోపల పనిలోకీ పాకింది. ఆవిరి పట్టిన పిక్కను ఆరబోసి రాత్రంతా చల్లారనిచ్చి, మర్నాడు కోయాలి. ఆర్డరు ఆలస్యమవుతోందని ఒకరోజు మధ్యాహ్నమే కోత మొదలుపెట్టమన్నాను. జీడిరసం అంటకుండా చేతులకు నూనె రాసుకుంటున్న ఒక పెద్దావిడ తలెత్తకుండానే, "పిక్క సల్లారకుండా కోస్తే పప్పు ఇరిగిపోతాది బావూ" అంది. అయినా కోయించాను. సాయంత్రానికి విరగని గుళ్ళు తక్కువ, బద్దలూ ముక్కలూ ఎక్కువ. పౌండుకు 300 నుంచి 320 దాకా తూగే గుండు పప్పుకు 320 నంబరని పేరు, దానికీ ముక్కకూ ధరలో ఉన్న తేడా ఆ రోజు కూలి మొత్తాన్ని మింగేసింది. ఆవిడ మర్నాడు ఆ ఊసెత్తలేదు. నేనైతే ఎత్తి ఉండేవాణ్ణి.

ఇక అరువు. దసరా, దీపావళి ముందు పప్పుకు గిరాకీ ఉంటుంది, అడిగేవారిలో సగం మంది అరువే అడుగుతారు. పొరుగు రాష్ట్రపు టోకు వర్తకుడు ఒకరు ఆరు లక్షల సరుకు తీసుకుని ఏడు నెలలు తిప్పారు. 2006 నాటి చట్టం ప్రకారం చిన్న పరిశ్రమల సరుకు తీసుకున్నవారు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. దాటితే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఈ చట్టం నాకు తెలుసు. అయినా ఫిర్యాదు చేయలేదు, వచ్చే దసరాకు మళ్ళీ ఆయనే కొంటాడన్న ఆశతో. ఆయన కొనలేదు. ఈలోగా బ్యాంకు వైపు నుంచి రెండో దెబ్బ తగిలింది. సరుకు, బాకీల హామీ మీద అప్పిచ్చే క్యాష్ క్రెడిట్ ఖాతాకు నెలనెలా స్టాకు, రావలసిన బాకీల వివరాలు ఇవ్వాలి, మార్జిన్ కింద, అంటే మన వాటాగా, నాలుగో వంతు తీసేసి మిగతాదానిమీదే డబ్బు వాడుకోనిస్తారు. 90 రోజులు దాటిన బాకీని మా బ్యాంకు లెక్కలోకే తీసుకోలేదు. అంటే బాకీ రానంతకాలం అప్పు పుట్టే దారి కూడా మూసుకుపోయింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి చెట్లు వేళ్ళతో సహా పడిపోయాయి, తోటలు పోయిన రైతుల కష్టం ముందు నాది చెప్పుకోదగినది కాదు. రేకులు లేచిపోయి ఆరు లక్షల రూపాయల పిక్కలు తడిశాయి. షెడ్డుకూ యంత్రాలకూ పూర్తి బీమా ఉంది. సరుకుకు మాత్రం, ప్రీమియం కలిసొస్తుందని, గోడౌనులో 30 లక్షల స్టాకు ఉండగా 20 లక్షలకే చేయించాను. తక్కువకు బీమా చేస్తే నష్టాన్ని కూడా అదే నిష్పత్తిలో తగ్గించి ఇస్తారు, నాలుగు లక్షలే వచ్చాయి. పాలసీ కాగితంలో అది రాసే ఉంది. అక్కడ కూడా నేను కాపాడుకున్నది గోడలనే.

ఆ తర్వాత పద్ధతి మార్చాను. యూనిట్ సగం రోజులు ఇతరుల పిక్కలను కూలికి ఆడించాను. టాంజానియాలో పంట అక్టోబరు నుంచి జనవరి దాకా వస్తుంది కాబట్టి, ఆ పిక్క కొంత కొని, కొనుగోలు భారాన్ని రెండు సీజన్లకు పంచాను. నగదుకు ఇచ్చేవారికి ధర తగ్గించి, అరువుకు హద్దు పెట్టాను. 2022లో పిల్లల చదువుల కోసం తిరిగి వచ్చేటప్పుడు యూనిట్‌ను అద్దెకిచ్చాను, ఆ అద్దె నెలనెలా సక్రమంగా వస్తోంది.

అందుకే అడిగినవారికి చెబుతున్నాను: మొదటి రెండేళ్ళు షెడ్డు వద్దు. పలాస, కాశీబుగ్గల్లో వీధివీధికీ యూనిట్లున్నాయి, పిక్క లేక ఖాళీగా ఉండే రోజులు వాటికీ ఉంటాయి. మార్చిలో సెలవు పెట్టి వెళ్ళి, మే దాకా అక్కడే ఉండి, సొంత డబ్బుతో వంద బస్తాలు కోయించి చూసి కొని, కూలికి ఆడించుకుని, పప్పు అమ్మి, డబ్బు వసూలు చేసుకుని చూడండి. (తోటే కొనేద్దామనుకునేవారికి ఒక మాట. ఎన్నారైలు సాగుభూమి, తోటలు కొనడానికి మన చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే అది వేరు.) విజయనగరం వైపు మామిడి వ్యాపారం చేద్దామనుకునేవారికీ ఇదే చెబుతాను.

మొన్న మా సంఘంలోని ఒక కుర్రవాడు ఇదంతా శ్రద్ధగా విన్నాడు, కాగితం మీద రాసుకున్నాడు కూడా. వారం తిరక్కుండానే ఫోన్ చేశాడు. షెడ్డుకు ఏ రకం రేకులు వేస్తే తుపానుకు నిలుస్తాయని అడిగాడు.