సులేమానీ కట్టిన గోడ

2020 జనవరి 3న బాగ్దాద్ ఎయిర్‌పోర్టు దగ్గర అమెరికా డ్రోన్ దాడిలో ఖాసిం సులేమానీ చనిపోయినప్పుడు, వేలికి ఉన్న ఎర్రరాయి ఉంగరాన్ని బట్టి ఆయన్ని గుర్తుపట్టారని వార్తలొచ్చాయి. ఇరాన్‌లో అంత పేరున్న సేనాని మరొకరు లేరు.

పుట్టింది కెర్మాన్ రాష్ట్రంలోని ఓ కొండపల్లెలో. తండ్రి అప్పు తీర్చడానికి పదమూడేళ్లకే పట్నం వచ్చి కట్టుబడి పనుల్లో కూలికి కుదిరారు. 1979 ఇస్లామిక్ విప్లవంతో, దాన్ని కాపాడటానికి పుట్టిన సైన్యం రివల్యూషనరీ గార్డ్స్‌లో చేరారు. మరుసటి ఏడాదే ఇరాక్ నేత సద్దాం హుస్సేన్ ఇరాన్ మీద దండెత్తాడు. ఎనిమిదేళ్ల ఆ యుద్ధంలో సులేమానీ నడిపిన 41వ డివిజన్‌లో ఎక్కువమంది కెర్మాన్ కుర్రాళ్లే. సొంత ప్రాంతం పిల్లల శవాలను ఇళ్లకు పంపిన మనిషి, ఇంకో యుద్ధం ఇరాన్ గడ్డ మీద జరగకూడదని అనుకోవడం నాకు అర్థమవుతుంది.

1990ల చివర్లో, గార్డ్స్‌లో విదేశీ పనులు చూసే విభాగమైన ఖుద్స్ ఫోర్స్ పగ్గాలు చేతికొచ్చాక ఆయన చేసిందంతా అదే. లెబనాన్‌లో సాయుధ షియా సంస్థ హెజ్‌బొల్లా, ఇరాక్‌లో షియా మిలీషియాలు, సిరియాలో అధ్యక్షుడు అసద్, అందరికీ అండగా నిలిచారు. ఇరాన్ చుట్టూ గోడ కట్టినట్టే కట్టారు. 2014లో ఉగ్రవాద సంస్థ ఐసిస్ విరుచుకుపడినప్పుడు ఇరాక్‌లోని కుర్దులకు ముందుగా ఆయుధాలు అందించింది ఇరానే. ఆ మేలు కాదనలేం.

కానీ ఆ గోడకు ఇటుకలైంది ఎవరు? ఇరాన్‌లో సరైన కాగితాల్లేకుండా బతుకుతున్న అఫ్గాన్ శరణార్థులను, జీతమూ నివాస పత్రాలూ ఇస్తామని ఆశపెట్టి అసద్ తరఫున పోరాడటానికి సిరియాకు పంపారు. వాళ్లలో పద్నాలుగేళ్ల పిల్లలూ ఉన్నారు. తన పల్లె పేదరికం తెలిసిన మనిషి ఈ పని చేయడం నేను క్షమించలేను.

ఆయన తర్వాత ఖుద్స్ ఫోర్స్ అధిపతిగా వచ్చిన ఇస్మాయిల్ ఖానీకి అరబ్ నేతలతో అంత చనువు లేదు, నిజమే. అయితే 2024 డిసెంబర్‌లో అసద్ పాలన పడిపోయి సిరియాలో గోడ కూలింది అందుకే అనుకుంటే పొరపాటు. సిరియా నగరం అలెప్పోలో తూర్పు భాగాన్ని తిరుగుబాటుదారుల నుంచి చేజిక్కించుకోవడానికి అసద్ పక్షం 2016లో నెలల తరబడి బాంబులు కురిపించాల్సి వచ్చింది. 2024 నవంబర్‌లో తిరుగుబాటుదారులు అదే నగరాన్ని నాలుగు రోజుల్లో తీసుకున్నారు. సొంత జనాన్నే చంపిన అసద్ కోసం సొంత సైన్యం కూడా నిలబడలేదు. అలాంటి పునాది మీద సులేమానీ ఉన్నా గోడ నిలిచేది కాదు. 2025 జూన్‌లో ఇజ్రాయెల్ బాంబులు నేరుగా టెహ్రాన్ మీదే పడ్డాయి.

కెర్మాన్‌కు అంతకు ముందే నెత్తురు అంటింది. 2024 జనవరి 3న, ఆయన వర్ధంతికి సమాధి దగ్గరికి వెళ్తున్న జనంలో రెండు పేలుళ్లు జరిగి 90 మందికి పైగా చనిపోయారు. చేసింది తామేనని ఐసిస్ ప్రకటించుకుంది. ఆ ఐసిస్ పాలన అంతమైందని 2017 నవంబర్‌లో ఇరాన్ సుప్రీం నేత ఖమేనీకి లేఖ రాసింది సులేమానీయే.