సవరణ: జపనీస్ ఎన్1 ఒక్కటే ఉంటే లెక్చరర్ పోస్టు రాదు

హన్మకొండ డిగ్రీ విద్యార్థుల కోసం పోయిన వారం పెట్టిన పోస్టులో "జేఎల్‌పీటీ ఎన్1 పాసైతే యూనివర్సిటీలో జపనీస్ చెప్పొచ్చు" అన్న వాక్యం ఉంది. జేఎల్‌పీటీ అంటే జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష, ఎన్1 అందులో అన్నిటికన్నా పై స్థాయి. ఆ వాక్యాన్ని తీసేశాను. మన దేశంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే 55 శాతం మార్కులతో ఎంఏ (రిజర్వేషన్ వర్గాలకు 50), ఆపైన నెట్ (లెక్చరర్ల అర్హత పరీక్ష) లేదా పీహెచ్‌డీ ఉండాలి. యూజీసీ నెట్‌లో జపనీస్ ఒక సబ్జెక్టు, లింగ్విస్టిక్స్ (భాషాశాస్త్రం) ఇంకో సబ్జెక్టు. జపనీస్‌లో ఎంఏ ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ యూనివర్సిటీ (జేఎన్‌యూ)లో ఉంది.

ఎన్1 చాలా కష్టమైన పరీక్ష, దాని విలువ దానిదే. కానీ అందులో చదవడం, వినడం, పదజాలం, వ్యాకరణం మాత్రమే చూస్తారు. మాట్లాడటం, రాయడం ఉండవు. క్లాసులో నిలబడే వాళ్లకు ముందు కావాల్సినవి అవే కదా.

భాషా బోధన, భాషాశాస్త్రం ఒకటేనా అని కొందరు అడిగారు. కాదు. జపనీస్‌లోని 'వా', 'గా' ప్రత్యయాల్లో ఏది ఎక్కడ వాడాలో పిల్లలకు అలవాటు చేయడం బోధన. ఆ తేడా ఎందుకు వస్తుందో తేల్చడం భాషాశాస్త్రం. ఈ రెండోదాంట్లో మనవాళ్లకు మంచి అవకాశం ఉంది. తెలుగులాగే జపనీస్‌లోనూ క్రియ వాక్యం చివర వస్తుంది, విభక్తి నామవాచకం తర్వాత చేరుతుంది. రెండు భాషల వాక్యాలనూ పోల్చి పీహెచ్‌డీ చేసేవాళ్లు మన వరంగల్ నుంచి రావాలని నా కోరిక.

జపాన్‌లో జపనీస్ భాషా ఉపాధ్యాయులకు 2024 ఏప్రిల్‌లో మొదలైన జాతీయ అర్హత వేరే సంగతి. అది ఇక్కడ నెట్‌కు బదులుగా పనికిరాదు.