ఆరక్షరాల ఫైలు
తొలితరం కృత్రిమ మేధ పరిశోధకులు ఎవరి పని వారు గుట్టుగా దాచుకునేవారని ఒక వ్యాసంలో రాశారు. అందరినీ అలా ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు. 1972లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయపు కృత్రిమ మేధ ప్రయోగశాల వెలువరించిన 239వ మెమో ‘హాక్‌మెమ్’ చూడండి. ఫైలు పేరుకు అప్పట్లో ఆరు ఇంగ్లిష్ అక్షరాలే పట్టేవి, అందుకే ‘హ్యాక్స్ మెమో’ (కిటుకుల పత్రం) కాస్తా HAKMEM అనే పొట్టి పేరైంది. గణిత చిట్కాలు, సర్క్యూట్లు, ప్రోగ్రామింగ్ కిటుకులు, చాలావాటి పక్కన చెప్పినవారి పేరుతో సహా, అందులో ఉన్నాయి. తమకు తేలని ప్రశ్నలను కూడా దాచకుండా ‘సమస్య’ అని గుర్తు పెట్టి చదివేవాళ్లకు వదిలేశారు. 36 బిట్లలో (ఒక్కోదానిలో సున్నాయో ఒకటో ఉండే గళ్లలో) ఎన్ని ఒకట్లున్నాయో లెక్కపెట్టే 169వ అంశం మరీ క్లుప్తం. కాగితం, పెన్సిలు పట్టుకుని కూర్చుంటే అది బుర్రకెక్కడానికి నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.