ముందు జనాన్ని అడగండి

ఏ జబ్బు ప్రబలినా మొదట వినిపించే మాట ఒకటే, ప్రజల్లో అవగాహన లేదని. వెంటనే పోస్టర్లు అచ్చవుతాయి, మైకులు తిరుగుతాయి, సదస్సు పెడతారు, ఫొటోలు దిగుతారు, ఇన్ని వేల మందికి చెప్పామని నివేదికలో రాసుకుంటారు. ఆరు నెలల తర్వాత అదే జబ్బు అదే చోట మళ్లీ కనిపిస్తే తప్పు మళ్లీ జనం మీదికే పోతుంది, ఎంత చెప్పినా వినరని. ఈ పద్ధతి మారాలన్నది మా గట్టి అభిప్రాయం. జనానికి చెప్పే ముందు జనాన్ని అడగాలి. అడగడమంటే అభిప్రాయాలు రాసుకుని ఫైల్లో పెట్టుకోవడం కాదు. ఏం చేయాలి, డబ్బు దేనికి ఖర్చు పెట్టాలి అని తేల్చే చోట వాళ్లనూ కూర్చోబెట్టాలి.

ఇదేమీ కొత్త డిమాండ్ కాదు. 1978 సెప్టెంబరులో అల్మా అటాలో, అంటే ఇప్పటి కజకిస్థాన్‌లోని అల్మాటీలో, 134 దేశాల ప్రతినిధులు సమావేశమై ప్రాథమిక ఆరోగ్యం మీద ఒక ప్రకటనకు ఆమోదం తెలిపారు. తమ ఆరోగ్య సేవల ప్రణాళికలోనూ అమలులోనూ పాల్గొనడం ప్రజల హక్కు, బాధ్యత కూడా అని అందులో ఉంది. చాలా ప్రభుత్వాలు ఆ వాక్యంలో రెండో సగాన్నే పట్టుకున్నాయి. అమలులో పాల్గొనాలంటే జనం రావాలి, తిరగాలి, లెక్కలు రాయాలి, పిల్లల్ని టీకాకు తీసుకురావాలి. ప్రణాళిక మాత్రం పైనుంచే వస్తుంది. అలా వచ్చినదానికి ప్రజల భాగస్వామ్యం అని పేరు పెట్టి ఇన్నేళ్లుగా నడిపిస్తున్నారు.

నిర్ణయం జనం చేతికి వెళితే ఏమవుతుందో నేపాల్‌లోని మక్వాన్‌పూర్ జిల్లాలో పరీక్షించి చూశారు. అక్కడ చేసింది వింటే ఇంతేనా అనిపిస్తుంది. ఊళ్లో మహిళలు నెలకోసారి కూర్చుంటారు. నడిపించేది నర్సు కాదు, డాక్టరు కాదు, ఆ ప్రాంతపు మహిళే. ఆమె పాఠం చెప్పదు. కాన్పు సమయంలో, బిడ్డ పుట్టిన మొదటి రోజుల్లో మన దగ్గర ఏం ఇబ్బందులు వస్తున్నాయి, వాటిలో ముందు దేన్ని పట్టుకుందాం, మనం చేయగలిగింది ఏమిటి అని అడుగుతుంది. ఒకచోట వాళ్లు అత్యవసరానికి డబ్బు పోగేసుకున్నారు, ఇంకోచోట గర్భిణిని మోసుకెళ్లడానికి స్ట్రెచర్ ఏర్పాటు చేసుకున్నారు, మరోచోట కాన్పుకు కావలసిన శుభ్రమైన వస్తువులతో కిట్లు తామే తయారుచేసి పంచారు. ఏ ఊరికి ఏది అవసరమో ఆ ఊరు తేల్చుకుంది. 2004లో వచ్చిన ఫలితాల ప్రకారం ఈ బృందాలు లేని ప్రాంతాల్లో ప్రాణాలతో పుట్టిన ప్రతి వెయ్యి మంది శిశువుల్లో సుమారు 37 మంది నెలలోపే చనిపోతే, బృందాలు ఉన్న చోట ఆ సంఖ్య 26. కొత్త మందు ఏదీ కనిపెట్టి సాధించిన తగ్గుదల కాదిది.

అయితే ఇదే పద్ధతి బంగ్లాదేశ్‌లో మొదటిసారి పెద్దగా పని చేయలేదు, ఆ సంగతి దాచాల్సిన పని లేదు. పైగా అసలు పాఠం అక్కడే ఉంది. ఆ ప్రయత్నంలో సుమారు 1,400 మంది జనాభాకు ఒక్క బృందమే ఉంది. ఒక గర్భిణి ఆ సమావేశానికి రావడమే అరుదు. తర్వాత సుమారు 300 మందికి ఒక బృందం చొప్పున పెట్టి మళ్లీ చేసి చూస్తే నవజాత శిశు మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయి. నేపాల్, బంగ్లాదేశ్, భారత్, మలావీల్లో జరిగిన ఏడు అధ్యయనాలను కలిపి 2013లో చూసినప్పుడు కూడా ఇదే తేలింది: గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది పాల్గొన్న చోట నవజాత శిశు మరణాలు మూడో వంతు తగ్గాయి, తల్లుల మరణాలు దాదాపు సగానికి పడిపోయాయి. అంతకంటే తక్కువ మంది వచ్చిన చోట అలాంటి ఫలితం కనిపించలేదు. ఊరికో కమిటీ అని బోర్డు రాసి, ఏడాదికి రెండుసార్లు సంతకాలు తీసుకుని, ఆ తర్వాత ‘జనాన్ని కలుపుకుని చూశాం, లాభం లేదు’ అనేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూడాలి. సగం డోసు ఇచ్చి మందు పని చేయలేదంటే ఎలా?

చెప్పడం అసలు వద్దని మేం అనడం లేదు. చెప్పడంలోనూ ఒక పద్ధతి ఉంది, దాన్ని బంగ్లాదేశ్‌లోని బ్రాక్ సంస్థ 1980 నుంచి పదేళ్ల పాటు చేసి చూపించింది. విరేచనాలతో ఒంట్లో నీరు పోయి పిల్లలు చనిపోతున్న రోజులవి. ఒంట్లో నీరు నిలిపే ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు ఊరూరా అందించే పరిస్థితి లేదు. అందుకని మహిళా కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి మూడు వేళ్ల చిటికెడు ఉప్పు, గుప్పెడు బెల్లం, అర సేరు నీళ్లు కలపడం తల్లుల చేత చేయించి నేర్పారు. అలా కోటీ 20 లక్షలకు పైగా ఇళ్లకు వెళ్లారు. నెల తర్వాత వేరే వాళ్లు వెళ్లి కొన్ని ఇళ్లలో తల్లులకు ఎంత గుర్తుందో అడిగేవారు, దాన్ని బట్టే కార్యకర్తకు డబ్బు. ఎన్ని ఇళ్లు తిరిగారన్నది కాకుండా తల్లికి ఏం మిగిలిందన్నది లెక్క.

అంత చేసినా మొదట్లో తల్లులకు గుర్తుంది గానీ వాడకం తక్కువగా ఉంది. ఎందుకని వెతికితే నేర్పే కార్యకర్తల్లో కొందరికే దాని మీద నమ్మకం లేదని, తమకు విరేచనాలైతే వాళ్లూ వాడటం లేదని బయటపడింది. ఇంట్లో మగవాళ్లకు చెప్పకపోవడం కూడా అడ్డంకేనని తెలిసింది. సంస్థ తన పద్ధతి మార్చుకుంది. కార్యకర్తలకు అది ఎలా పని చేస్తుందో వివరంగా నేర్పించింది, మగవాళ్లతో విడిగా సమావేశాలు పెట్టింది. ‘ఎంత చెప్పినా వినరు’ అని చేతులు దులుపుకోకుండా, మన చెప్పడంలో ఏం లోపం ఉందో జనం దగ్గరికే వెళ్లి తెలుసుకోవడం అంటే ఇదీ.

అడగకపోతే ఎంత దూరం పోతుందో 2014లో పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చూపించింది. ఆ వ్యాధితో చనిపోయిన మనిషి శరీరం నుంచి కూడా వైరస్ సోకుతుంది. కాబట్టి శవాన్ని కడగడం, ముట్టుకోవడం ప్రమాదం, ఇందులో అనుమానమే లేదు. కానీ మొదటి నెలల్లో తలనుంచి కాళ్ల దాకా కప్పుకున్న మనుషులు వచ్చి శవాన్ని సంచిలో మూటగట్టుకుని పోయేవారు, ఎక్కడ పూడ్చారో కూడా కొన్ని కుటుంబాలకు తెలిసేది కాదు. లైబీరియా రాజధానిలో శవాలను దహనం చేయాలని ఆదేశించారు, దహనమే ఆచారంలో లేని జనానికి. ఫలితంగా రోగుల్ని దాచారు, రాత్రిపూట రహస్యంగా పూడ్చుకున్నారు. గినీలోని వోమే అనే గ్రామంలో ఎబోలా గురించి చెప్పడానికి వెళ్లిన బృందంలో 8 మందిని చంపేశారు. ఆ హత్యలను ఎవరూ సమర్థించలేరు. కానీ అక్కడికి చేరేంత అపనమ్మకం ఒక్క రోజులో పుట్టింది కాదు.

అదే ఏడాది నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంత్యక్రియలకు కొత్త నియమావళి ఇచ్చింది. దూరం నుంచే కుటుంబం చూడొచ్చు, ప్రార్థన చేసుకోవచ్చు, తమ మత పెద్దను పిలుచుకోవచ్చు, సమాధి ఎక్కడో తెలుసుకోవచ్చు, ఏం జరుగుతుందో ముందే అడిగి ఒప్పుకోవచ్చు. వైరస్ విషయంలో ఒక్క జాగ్రత్త కూడా వదులుకోకుండానే ఇదంతా కుదిరింది. మత పెద్దలతో, కుటుంబాలతో కూర్చుని మాట్లాడితే కుదిరింది. ఆ మాటలు తొలి వారాల్లోనే జరిగి ఉండాల్సింది. ఆ వ్యాధి 11 వేల మందికి పైగా ప్రాణాలు తీసింది, వాటిలో కొన్నైనా నిలిచేవని మేం నమ్ముతున్నాం.

సమాజం సమాజం అంటున్నాం గానీ ఊరంతా ఒకే మాట మీద ఉంటుందనుకోవడం భ్రమ. మీటింగు పెడితే ముందు వరసలో కూర్చునేది ఎవరో, వెనక నిలబడేది ఎవరో, అసలు రానిది ఎవరో అందరికీ తెలుసు. జబ్బులు ఎక్కువగా ఉండేది ఆ రానివాళ్ల ఇళ్లలోనే. మహారాష్ట్రలోని జామ్‌ఖేడ్‌లో రజనీకాంత్, మేబెల్ ఆరోలే అనే డాక్టర్ దంపతులు 1970లో పని మొదలుపెట్టి గ్రామ ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ ఇచ్చినవాళ్లలో చాలామంది చదువురాని మహిళలు, ఎందరో దళితులు. ఎవరి చేతి నీళ్లు తాగకూడదని ఊరు అనుకుందో ఆమే వచ్చి కాన్పు చూసి, బిడ్డ బరువు తూచి, నీళ్లు ఎలా శుభ్రంగా ఉంచుకోవాలో చెప్పింది. ఆరోగ్యంతో పాటు ఊళ్లో ఎవరి స్థానం ఏమిటన్నదీ అక్కడ కదిలింది. ఇది కదలకుండా కమిటీలు వేస్తే ఊరి పెద్దల పెత్తనానికి ఇంకో ముద్ర పడుతుంది, అంతే.

ఊరి ఒత్తిడితో మనుషుల్ని మార్చడం మీద కూడా ఒక మాట చెప్పాలి. బహిరంగ మలవిసర్జన ఆపడానికి 2000 ప్రాంతంలో బంగ్లాదేశ్‌లో ఒక పద్ధతి మొదలైంది. ఊరి జనమే తమ పరిసరాలు తిరిగి చూసి, మలం తమ తాగునీటిలోకి, తిండిలోకి ఎలా చేరుతోందో తామే గుర్తించి, తామే మరుగుదొడ్లు కట్టుకునేలా చేయడం దాని ఉద్దేశం. చాలా దేశాలకు అది పాకింది. కానీ లక్ష్యాలు, గడువులు తోడైన కొన్ని చోట్ల అది బహిరంగంగా అవమానించడం దాకా, జరిమానాల దాకా పోయింది. కట్టుకునే స్తోమత లేని ఇంటిని అందరి ముందు నిలదీయడం ఆరోగ్య కార్యక్రమం కాదు, పేదరికానికి శిక్ష. పక్కింటివాళ్ల కాపలా కంటే కూలి దొరికే పని, నీటి కుళాయి ముందు రావాలి.

ఇదంతా పేద దేశాల అంటువ్యాధుల గొడవ అనుకోవద్దు. ఫిన్లాండ్‌లోని నార్త్ కరేలియాలో నడివయసు మగవాళ్లు గుండెజబ్బులతో విపరీతంగా చనిపోతుంటే 1971లో ఆ ప్రాంత ప్రతినిధులే ఏదో ఒకటి చేయండని ప్రభుత్వానికి వినతిపత్రం ఇచ్చారు. మరుసటి ఏడాది పెక్కా పుస్కా అనే యువ డాక్టర్ నాయకత్వంలో పని మొదలైంది. ఆసుపత్రులు పెంచడంతో సరిపెట్టలేదు. గృహిణుల సంఘాలతో కలిసి ఊళ్లలో వంట కార్యక్రమాలు పెట్టారు, వెన్న తగ్గించి కూరగాయలు పెంచారు, జనం మాట వినే మనుషుల్ని ఊరూరా వెతికి పట్టుకున్నారు, మాంసం ఉత్పత్తుల కంపెనీలతో ఉప్పు, కొవ్వు తగ్గించమని మాట్లాడారు. పాల మీద బతికే రైతులు నష్టపోతామంటే కసురుకోకుండా బెర్రీ పండ్ల సాగు వైపు మళ్లడానికి తోడ్పడ్డారు. మాకు బాగా నచ్చింది ఈ చివరి సంగతే. మంచి తిండి తినండని చెప్పడం తేలిక, ఆ మంచి తిండి వల్ల ఎవరి బతుకు దెబ్బతింటుందో ఆలోచించి దారి చూపడం కష్టం. 35 ఏళ్లలో అక్కడి పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు సుమారు 85 శాతం తగ్గాయి. ఆ పద్ధతులను దేశమంతా తీసుకుంది, దేశమంతటా మరణాలు తగ్గాయి.

ఇక్కడ ఒక ప్రమాదం ఉంది. జనమే చూసుకుంటారు కదా అని ప్రభుత్వం తప్పుకోవడం. మక్వాన్‌పూర్ మహిళలు స్ట్రెచర్ మోయగలరు, సిజేరియన్ చేయలేరు. ఆ స్ట్రెచర్ చేరిన చోట డాక్టరు ఉండాలి, రక్తం ఉండాలి, కరెంటు ఉండాలి. ఊరి బృందాల పేరు చెప్పి ఆసుపత్రి బడ్జెట్‌కు కోత పెడితే అది మోసం.

అలాగే ఊళ్లో తిరిగే కార్యకర్త విషయం. ప్రపంచంలో ఈ పని చేసేది ఎక్కువగా మహిళలే, సేవ, త్యాగం అనే పెద్ద మాటలతో వాళ్ల చేత తక్కువ డబ్బుకు, చాలా చోట్ల ఉచితంగానే చేయించుకుంటున్నారు. భారతదేశంలో 2005లో మొదలైన ఆశా వ్యవస్థలో దాదాపు 10 లక్షల మంది ఉన్నారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అవార్డు ఇచ్చి గౌరవించింది కూడా, కానీ కాగితం మీద వాళ్లు ఉద్యోగులు కాదు, స్వచ్ఛంద కార్యకర్తలు. ఇలాంటి కార్యకర్తలకు పనికి తగ్గ వేతనం ఇవ్వాలని, కేవలం చేసిన పనుల లెక్కకు ముట్టే ప్రోత్సాహకాల మీదే వాళ్లను నడపొద్దని అదే సంస్థ 2018లో మార్గదర్శకాల్లో చెప్పింది. దండలు వేసి, సన్మానాలు చేసి జీతం దగ్గర మొహం తిప్పుకోవడం ఇక చాలు. టెన్షన్‌లో అర్ధరాత్రి ఫోన్ చేస్తే లేచి వచ్చే మనిషికి పింఛను, సెలవు, భద్రత ఉండకూడదా?

నిర్ణయాల్లో జనానికి చోటు ఉండాలన్నదాన్ని బ్రెజిల్ చట్టంలోనే రాసుకుంది. అక్కడ కుటుంబ ఆరోగ్య కార్యక్రమం 1994 నుంచి నడుస్తోంది, దానిలో పనిచేసే ఆరోగ్య కార్యకర్తలు తాము సేవ చేసే ప్రాంతంలోనే నివసించాలి, వాళ్ల సంఖ్య 2 లక్షలు దాటింది. అంతకంటే ముందు, 1990లోనే, మునిసిపాలిటీ నుంచి జాతీయ స్థాయి దాకా ఆరోగ్య మండళ్లు వేసి, వాటిలో సగం స్థానాలు సేవలు వాడుకునే ప్రజలవేనని చట్టం చేశారు. అన్ని మండళ్లూ బాగా నడుస్తున్నాయని చెప్పలేం, కొన్నింటిని స్థానిక నాయకులు గుప్పిట్లో పెట్టుకున్నారన్న విమర్శ ఉంది. అయినా సగం స్థానాలు జనానివి అని చట్టంలో ఉంటే నిలదీయడానికి ఒక ఆధారం ఉంటుంది. సలహా సంఘానికి ఆ ఆధారం ఉండదు.

ఆరోగ్య శాఖలు వచ్చే ప్రణాళిక రాసేటప్పుడు మేం చూసేది మూడు వివరాలే. ప్రతి బృందం ఎంత మందికి ఒకటి? దాన్ని నడిపే మహిళ జీతం బడ్జెట్‌లో ఏ పద్దు కింద ఉంది? ఆ బృందం వద్దన్నది ఆగుతుందా, కావాలన్నది మొదలవుతుందా? వీటికి జవాబు లేని ప్రణాళికను ఆమోదించే ముందు ప్రజాప్రతినిధులు వెనక్కి పంపాలి.