తలలు లెక్కపెడితే సరిపోదు

జూలై 11 ప్రపంచ జనాభా దినం. ఆ రోజు బెజవాడ బడుల్లో వ్యాసరచన పోటీలు పెడతారు. పిల్లలు రాసేది ఏటా ఒకటే: జనం పెరిగారు, అడవులు తరిగాయి, నీళ్లు చాలడం లేదు, చిన్న కుటుంబమే మేలు. ‘ఇద్దరు ముద్దు, ఆపై వద్దు’ అని గోడల మీద రాసిన కాలంనాటి పాఠం అది. ఆ గోడలకు ఎన్నిసార్లు సున్నం వేశారో గానీ పాఠం మారలేదు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఒక్కో మహిళకు సగటున 1.7 మంది పిల్లలు. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. ఇద్దరికి మించి కన్నవారు స్థానిక ఎన్నికల్లో నిలబడరాదన్న నిబంధనను 2024లో ఎత్తేశారు. ముఖ్యమంత్రి చంద్రబాబు ఇంకా కనమంటున్నారు. వ్యాసం రాసే పిల్ల ఎవరి మాట నమ్మాలి?

పాఠాన్ని తరగతి గదిలోంచే మొదలుపెట్టవచ్చు. అమ్మమ్మకు తోబుట్టువులెందరు, అమ్మకెందరు, నీకెందరు? బోర్డు మీద మూడు వరసలు వేస్తే సంగతి తేలిపోతుంది. పక్కనే ఇంకో మూడు వరసలు వేయించాలి: ఏ తరం ఇంట్లో ఎన్ని బళ్లు, ఎన్ని ఏసీలు, రోజూ చెత్తబండిలో పడే కవర్లెన్ని? మనుషులు తగ్గిన ఇంట్లోనే చెత్త పెరిగిందని పిల్లలే చెబుతారు. సగటు అమెరికన్ వల్ల వెలువడే కార్బన్ డయాక్సైడ్ సగటు భారతీయుడి కంటే ఆరేడు రెట్లని అప్పుడు చెబితే తలకెక్కుతుంది.

సంఖ్యతో పనిలేదని మేము అనడం లేదు. 2022 నవంబరులో ప్రపంచ జనాభా 800 కోట్లు దాటింది. కాన్పులు తగ్గినా పడుచువాళ్లు ఎక్కువున్న దేశంలో జనం కొన్నేళ్లు పెరుగుతూనే ఉంటారు. పల్లెల నుంచి పనికోసం వచ్చేవారితో నగరం ఇంకా ఉబ్బుతుంది.

నగరం ఉబ్బే పాఠానికి బెజవాడలోని సింగ్‌నగర్‌ను మించిన చోటు లేదు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు, 2024 సెప్టెంబరులో గట్లు తెగి కాలనీల మీద పడింది. పాల ప్యాకెట్ కోసం డాబాల మీంచి చేతులూపిన పిల్లలే ఇప్పుడు ఆ వ్యాసాలు రాస్తున్నారు. ‘జనాభా ఎక్కువై మునిగింది’ అని వారిచేత రాయించడం అన్యాయం. చవగ్గా దొరికిందని పేదవాడు ఏటి దారిలో స్థలం కొన్నాడు, సరే. అక్కడ లేఅవుట్ వేసిందెవరు, రోడ్డూ కరెంటూ ఇచ్చిందెవరు? ఈ ప్రశ్న ఏ ప్రశ్నపత్రంలోనూ కనపడదు.

వ్యాసాలు దిద్దే మాస్టార్లకు మా మనవి ఒకటే. ‘జనాభా పెరిగింది కాబట్టి’ అని మొదలయ్యే వాక్యానికి మార్కులు వేసేముందు, పక్కన ఎర్ర సిరాతో ‘ఎక్కడ? ఎవరి వల్ల?’ అని రాసి కాగితం తిరిగి ఇవ్వండి.