ఎవరినీ కాదనని మిడ్‌వైఫ్‌ను మీరే కాదనండి

అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ చుట్టుపక్కల ఉండే మన తెలుగు ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఈమధ్య ఇంటి దగ్గర కాన్పు గురించి అడిగేవారు ఎక్కువయ్యారు. ప్రశ్న పడగానే "మా అమ్మమ్మ ఎనిమిది మందిని ఇంట్లోనే కన్నది, ఏమైంది?" అని ఒకరు రాస్తారు, "నీకేమైనా మతిపోయిందా?" అని మరొకరు రాస్తారు. ఇక మూడో రకం వాళ్లు ఇంటికొచ్చి పురుడు పోసే ఒక మిడ్‌వైఫ్ ఫోన్ నంబరు పెట్టి, ఆవిడ ఎంతో ఆప్యాయంగా మాట్లాడుతుందనీ, మన మీద ఏదీ రుద్దదనీ, ఏం అడిగినా సరేనంటుందనీ కింద రాస్తారు. నా కోపమంతా ఈ మూడో రకం సలహా మీదే. నేను నర్సుని. హైదరాబాదులో ఒక ప్రభుత్వ ఆసుపత్రి పురిటి వార్డులో ఉద్యోగం మొదలుపెట్టి, ఇప్పుడు ఇక్కడ ఒక ఆసుపత్రి ప్రసవ విభాగంలో పనిచేస్తున్నాను. ఇంట్లో కనాలనుకోవడం పాపమని నేను అనను. కానీ ఏం అడిగినా సరేననే మనిషిని పురుడు పోయడానికి పిలుచుకోవడం మాత్రం తప్పే.

అమ్మమ్మల లెక్క చెప్పేవారికి ఒక్క మాట. ఎనిమిది మందిని కన్న ఆవిడ అందులో ఎంతమందిని పెంచుకోగలిగిందో మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి, ఆ తర్వాత ఆ ఉదాహరణ వాడండి.

అయితే ఆసుపత్రి అంటే మన పిల్లలకు ఇంత భయం ఎందుకు పట్టుకున్నదో నాకు తెలియనిది కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రులను మాత్రమే తీసుకుంటే ఆ అంకె 81.5. ఆంధ్రప్రదేశ్‌లో మొత్తం మీద 42.4. దేశపు సగటు 21.5 అయినప్పుడు మన ఆడవాళ్లకు మాత్రమే కడుపు కోయాల్సిన అవసరం ఇంతగా ఎందుకు వచ్చిందని అడిగితే ముహూర్తాల దగ్గరనుంచి బిల్లుల దాకా జవాబులు చాలా ఉన్నాయి. అక్కలకూ, వదినలకూ జరిగింది చూసిన అమ్మాయి అమెరికా వచ్చాక "నన్ను మాత్రం ముట్టుకోవద్దు" అనుకోవడంలో ఆశ్చర్యం లేదు. ఆ భయం న్యాయమైనదే. కాకపోతే భయంతో ఉన్న మనిషికి మెత్తగా మాట్లాడేవారందరూ మంచివాళ్లలాగే కనిపిస్తారు. చిక్కంతా అక్కడే ఉంది.

ఇక్కడ మిడ్‌వైఫ్ అనే పేరుతో పనిచేసేవారందరి చదువూ ఒకటి కాదు. సర్టిఫైడ్ నర్స్ మిడ్‌వైఫ్ అంటే నర్సింగ్ చదివి, దానిమీద పీజీ స్థాయి శిక్షణ పొందిన మనిషి. వీరిలో ఎక్కువమంది ఆసుపత్రుల్లోనే పనిచేస్తారు. సర్టిఫైడ్ ప్రొఫెషనల్ మిడ్‌వైఫ్ నర్సు కానక్కరలేదు. అనుభవజ్ఞుల దగ్గర శిష్యరికం చేసో, ప్రత్యేక పాఠశాలలో చదివో పరీక్ష రాసి ఆ అర్హత తెచ్చుకుంటారు. ఇళ్లకు వచ్చేవారిలో వీరు ఎక్కువ. టెక్సాస్‌లో వీరికి రాష్ట్ర లైసెన్సింగ్ శాఖ లైసెన్సు ఇస్తుంది. పేరు కొడితే ఆ లైసెన్సు బతికి ఉన్నదో లేదో, దానిమీద చర్యలేమైనా ఉన్నాయో ఆ శాఖ వెబ్‌సైట్లో కనిపిస్తుంది. రెండు నిమిషాల పని. ఆరు వందల డాలర్ల ఫోన్ కొనడానికి నలభై రివ్యూలు చదివే మనవాళ్లు ఈ రెండు నిమిషాలు మాత్రం వెచ్చించరు. ఈ రెండు రకాల మిడ్‌వైఫ్‌లూ కాక ఏ లైసెన్సూ లేకుండా "నాకు దేవుడిచ్చిన చేయి" అని తిరిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి ఒక్క వాక్యం కూడా వృథా చేయను.

లైసెన్సు ఉన్నంత మాత్రాన సరిపోదు. మొదటి పరిచయంలోనే "మీరు ఎవరిని చేర్చుకోరు?" అని అడగాలి. కవల పిల్లలనూ, ఎదురుకాళ్లతో ఉన్న బిడ్డనూ, ముందు సిజేరియన్ అయిన తల్లినీ ఇంటి కాన్పుకు తీసుకోకూడదని అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం 2017లో స్పష్టంగా రాసింది. మన విషయంలో వీటికి తోడు ఇంకొకటి ఉంది. దక్షిణాసియా ఆడవాళ్లకు గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చే అవకాశం మిగిలినవాళ్లకన్నా ఎక్కువ. షుగర్ అదుపులో లేకపోతే బిడ్డ భారీగా పెరిగి, తల బయటికి వచ్చాక భుజాలు ఇరుక్కుపోయే ప్రమాదం పెరుగుతుంది. ఇంట్లో అలా జరిగితే చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే. కాబట్టి "షుగర్ పరీక్ష మీ ఇష్టం, వద్దంటే మానేద్దాం" అని మిడ్‌వైఫ్ అన్నదంటే ఆవిడ మీ మాటకు విలువ ఇస్తున్నదని మురిసిపోకండి. మీ ఒంటి గురించి ఆవిడకు పట్టింపు లేదని అర్థం చేసుకోండి.

మా పిన్ని కూతురు తొలిచూలుతో ఉన్నప్పుడు ఇద్దరు మిడ్‌వైఫ్‌లను కలవడానికి నన్ను వెంట తీసుకువెళ్లింది. మొదటావిడ ఇల్లు చూడముచ్చటగా ఉంది. హెర్బల్ టీ ఇచ్చింది, మా చెల్లి చేయి పట్టుకుని స్త్రీ శరీరానికి అన్నీ తెలుసని చెప్పింది. రక్తస్రావం ఆగకపోతే ఏం చేస్తారని నేను అడిగితే, తన చేతుల మీద అలాంటిది ఎప్పుడూ జరగలేదన్నది. రెండో ఆవిడ నవ్వలేదు. ముందు బీపీ చూసింది, తన షరతులన్నీ అచ్చువేసిన కాగితాలు మా ముందు పెట్టింది. బీపీ 140/90 దాటినా, షుగర్‌కు ఇన్సులిన్ అవసరమైనా, 37 వారాలకు ముందే నొప్పులు వచ్చినా కాన్పు తన చేతుల్లో ఉండదని ఒక్కొక్క వాక్యం మీద వేలు పెట్టి చదివించి సంతకం తీసుకున్నది. తర్వాత తన సంచి తెచ్చి బల్ల మీద ఖాళీ చేసింది. ఆక్సిజన్ సిలిండరు, ఊపిరి తీసుకోని పసిబిడ్డకు గాలి పట్టడానికి చిన్న మాస్కు తగిలించిన సంచి, గుండె చప్పుడు వినే డోప్లర్, కుట్ల సామాను, ఐస్ డబ్బాలో రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ మందు ఆంపుల్స్. ఆంపుల్ మీద గడువు తేదీ నేను చదవబోతుంటే ఆవిడే తిప్పి చూపించింది. "ఈవిడ మరీ కటువుగా ఉంది అక్కా" అని కారెక్కగానే మా చెల్లి గొణిగింది. నాకు మాత్రం ఆ మాస్కు చూశాకే ప్రాణం కుదుటపడింది.

ఆ ఆక్సిటోసిన్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. నెలలు నిండిన గర్భాశయంలోకి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం ప్రవహిస్తుంది. బిడ్డ, మాయ బయటికి వచ్చాక గర్భాశయం గట్టిగా ముడుచుకుంటేనే ఆ రక్తనాళాలు మూసుకుంటాయి. ముడుచుకోకపోతే ఏమవుతుందో ఈ లెక్కను బట్టి మీరే ఊహించుకోవచ్చు. అప్పుడు కండకు ఇచ్చే ఆక్సిటోసిన్ ఇంజెక్షనే మొదటి మందు. అయితే టెక్సాస్ చట్టం ప్రకారం నర్సు కాని లైసెన్సు మిడ్‌వైఫ్ తనంతట తాను ప్రిస్క్రిప్షన్ మందులు ఇవ్వకూడదు. ఆక్సిజన్, పుట్టిన బిడ్డ కళ్లలో వేసే మందు మినహా ఏది ఇవ్వాలన్నా ఒక డాక్టరు పర్యవేక్షణ ఉండాలి. అందుకే "మీ దగ్గర ఆక్సిటోసిన్ ఉందా?" అని అడిగి ఊరుకోకుండా "ఏ డాక్టరు ఆదేశం మీద ఇస్తారు, ఆ కాగితం చూపిస్తారా?" అని అడగండి. జవాబు తడబడితే లేచి వచ్చేయండి. అలాగే కాన్పు సమయంలో శిక్షణ పొందిన రెండో మనిషి ఎవరో, ఆవిడ ఎప్పుడు వస్తుందో కూడా తెలుసుకోవాలి. బిడ్డ ఊపిరి తీసుకోకపోతే మొదటి నిమిషంలోనే మాస్కుతో గాలి పట్టాలి. అదే నిమిషంలో తల్లికి రక్తం పోతుంటే ఒక్క మనిషి ఎటు చూస్తుంది?

నేను విచిత్రంగా చూసేది ఇంకొకటి ఉంది. "మా మిడ్‌వైఫ్ ఇంతవరకూ ఎవరినీ ఆసుపత్రికి పంపలేదు" అని గొప్పగా చెప్పుకుంటారు. ఇది గొప్ప కాదు, భయపడాల్సిన విషయం. ఇంగ్లండులో బర్త్‌ప్లేస్ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. అందులో ఉన్నది ఏ చిక్కులూ లేని తల్లులే, చూసుకున్నది ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థలో భాగమైన మిడ్‌వైఫ్‌లే. అయినా ఇంట్లో కనాలనుకున్న తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని కాన్పుకు ముందో, అయిన వెంటనేనో ఆసుపత్రికి తరలించారు. అంతకుముందు పిల్లలున్నవారిలో అది 12 శాతమే. బిడ్డకు తీవ్రమైన హాని జరిగిన సందర్భాలు తొలిచూలు తల్లుల్లో ఆసుపత్రిలో వెయ్యికి 5.3 అయితే, ఇంటి కాన్పును ఎంచుకున్నవారిలో 9.3. రెండో కాన్పు, ఆపై కాన్పుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మిడ్‌వైఫ్‌కూ ఆసుపత్రికీ మధ్య అంత చక్కని దారి ఉన్న దేశంలోనే లెక్క ఇలా ఉంటే, ఆ దారి సరిగా లేని ఇక్కడ తొలిచూలు తల్లులను చాలామందిని చూసుకుని కూడా ఎవరినీ పంపలేదంటే ఆవిడ పంపాల్సినవారిని కూడా పంపలేదనే నేను అనుకుంటాను.

పంపడంలోనూ పద్ధతి ఉంటుంది. ఒకసారి మా విభాగానికి తెల్లవారుజామున ఒక తల్లి వచ్చింది. భర్త కారులో తెచ్చాడు. ఉమ్మనీరు పోయి ఎంతసేపయిందో, బిడ్డ గుండె చప్పుడు ఎప్పుడు విన్నారో, రక్తం గ్రూపు ఏమిటో రాసిన కాగితం ఒక్కటీ లేదు. మిడ్‌వైఫ్ ఏదంటే, పార్కింగ్ దాకా వెనకాలే వచ్చి తిరిగి వెళ్లిపోయిందన్నాడు ఆయన. అదృష్టం బాగుండి తల్లీబిడ్డా క్షేమంగా బయటపడ్డారు. మేము తిడతామని ఆవిడ వెళ్లిపోయి ఉండవచ్చు. తిట్టే డాక్టర్లు లేరని నేను అనను. కానీ మంచి మిడ్‌వైఫ్ ఆ తిట్లు పడుతూనే లోపలికి వచ్చి, చార్టు చేతికిచ్చి, తల్లి మంచం పక్కన నిలబడుతుంది. అలాంటివారిని చూశాను, వారికి మా వార్డులో గౌరవం ఉంది. కాబట్టి ఏ ఆసుపత్రికి తీసుకువెళతారో, వెంట వస్తారో రారో ముందే తేల్చుకోండి. సాయంత్రం ఐదింటికి 75వ హైవే మీద మీ ఇంటి నుంచి అక్కడికి ఎంతసేపు పడుతుందో మీరే ఒకసారి కారులో వెళ్లి చూసుకోండి.

పురిటికని ఇండియా నుంచి వచ్చిన అమ్మకు కూడా ఈ మనిషిని ముందే పరిచయం చేయాలి. నొప్పులు మొదలయ్యాక కూతురి అరుపులు విని వణికిపోయే తల్లి పక్క గదిలో ఉంటే, ఆవిడను కూర్చోబెట్టి ఏం జరుగుతున్నదో చెప్పే ఓర్పు మిడ్‌వైఫ్‌కు ఉండాలి. భాష రాకపోతే చెప్పడానికి మీ ఆయన ఉన్నాడు కదా, ఆ పని ఆయనకు అప్పగించండి. ఇక డబ్బు సంగతి. చాలామంది రుసుమంతా నెలలు నిండక ముందే కట్టించుకుంటారు. మధ్యలో ఆసుపత్రికి మారితే ఎంత వెనక్కిస్తారో, ఇన్సూరెన్సు దేనికి వర్తిస్తుందో రాతపూర్వకంగా తీసుకోండి. బిడ్డ జననాన్ని నమోదు చేయించేది కూడా ఈవిడే కనుక కాగితాల్లో అలసత్వం ఉన్న మనిషి అసలు పనికిరాదు. టెక్సాస్ దక్షిణ సరిహద్దులో మిడ్‌వైఫ్‌ల చేతుల మీద పుట్టినవారిలో కొందరికి, వారి జనన పత్రాల మీద అనుమానంతో, పెద్దయ్యాక పాస్‌పోర్టులు ఇవ్వడానికి ప్రభుత్వం నిరాకరించి, వ్యవహారం కోర్టుల దాకా వెళ్లింది. వీసాల మీద బతికే మనకు ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు.

మా చెల్లికి చివరికి షుగర్ వచ్చింది, ఇన్సులిన్ కూడా అవసరమైంది. ఆ కటువైన ఆవిడ తన కాగితంలో ఉన్నట్టే కాదన్నది, కట్టిన డబ్బులో చాలా భాగం తిరిగిచ్చింది, ఒక ఆసుపత్రిలో పనిచేసే నర్స్ మిడ్‌వైఫ్‌కు స్వయంగా ఫోన్ చేసి అప్పగించింది. అక్కడ మా చెల్లి లేచి తిరుగుతూ నొప్పులు పడింది, తనకు నచ్చినట్టు పక్కకు ఒరిగి కన్నది, కోత పడలేదు. ఇల్లు కావాలని అడిగే అమ్మాయిల్లో చాలామందికి నిజంగా కావలసింది ఇదేనని నా అనుమానం. తమ మాట వినే మనిషి, అనవసరంగా కత్తి పట్టని మనిషి పక్కన ఉంటే చాలు. తెలంగాణ ప్రభుత్వం కూడా 2017లో నర్సులకు మిడ్‌వైఫ్ శిక్షణ మొదలుపెట్టి, ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే వారిని తల్లుల పక్కన నిలబెట్టింది. ఇక్కడ కూడా మీ ఇన్సూరెన్సు పరిధిలో నర్స్ మిడ్‌వైఫ్‌లు ఉన్న ఆసుపత్రి ఉందో లేదో ముందు చూడండి. అది చూశాక కూడా ఇల్లే కావాలనుకుంటే, పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి, జవాబులు అక్కడే రాసుకోండి. రాసుకుంటుంటే విసుక్కునే మనిషైతే, టీ తాగి వచ్చేయండి.